ఫర్వాలేదు, నడు

కిందటి వారం మేజర్‌ని ఇంటర్వ్యూ గదిలో ఇద్దరి చూపుల మధ్య వదిలేశాం. ఇంకా అక్కడే ఉన్నాడు.

నలభై ఆరేళ్లవాడు. సైన్యం వదిలేశాక అద్దాల టవరొకదాంట్లో సెక్యూరిటీ ఇన్‌చార్జిగా చేరాడు. మీసం సరిగా మొలవని మేనేజర్లు కారు తాళాలు గాల్లోకి విసిరితే పట్టుకోవడం ఆ ఉద్యోగంలో ఒక భాగం. ఆ గేటు దగ్గర్నుంచి పై అంతస్తుల గదుల్లోకి పోయే దారి అతనికి ఒక్కటే కనిపించింది. ఈ బిజినెస్ స్కూలు. మాజీ సైనికులకి ఇక్కడ ఏటా ఒకే ఒక్క సీటు. వయసు పరిమితి ఈ ఏడాదితో సరి. రాత పరీక్ష ఎలాగో గట్టెక్కాడు. ఇంటర్వ్యూలో తన యుద్ధం కథ చెప్పాడు. చెప్పడం ముగించి మంచినీళ్ల గ్లాసు అందుకోబోతుంటే, డీన్ మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ కథ మాకు పొద్దున్నే ఇంకొకరు చెప్పారండీ," అంది.

గ్లాసు దాకా వెళ్లిన చెయ్యి గ్లాసుని ముట్టుకోలేదు.

డీన్ పక్కన కూర్చున్న సిమెంటు కంపెనీ యజమాని పొట్ట కదిలేలా నవ్వాడు. ఒకప్పుడు ఇదే స్కూల్లో చదివి, ఇప్పుడు ఏటా వచ్చి కొత్తవాళ్లని ఇంటర్వ్యూ చేసి పోతుంటాడు. మనిషి భారీ. జోకులు అంతకన్నా భారీ.

"పొద్దున మార్నింగ్ షో చూశాం మేజర్ గారూ. ఇది మ్యాటినీ. కథ అదే, హీరో మారాడు."

మేజర్ నవ్వలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. సైనికుల కోటాలో వచ్చిన రెండో అభ్యర్థి అని డీన్ చెప్పింది. ఆ మాటతో పొద్దుటి హాలు మేజర్ కళ్లముందుకొచ్చింది. వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, వాటినిండా నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు. పక్క కుర్చీలో అమ్మాయి మర్యాదగా, "మీ అబ్బాయి లోపలున్నాడా అంకుల్?" అని అడిగింది. ఆ ప్రశ్నకి రెండు కుర్చీల అవతల ఒకడు మెత్తగా నవ్వాడు. ముప్ఫై దాటినవాడు, తల మీద ఒక్క వెంట్రుక కూడా వరస తప్పలేదు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న తీరు చూస్తేనే సైన్యం మనిషని తెలిసిపోయింది. పరిచయం చేసుకుని, తను కెప్టెన్‌గా చేసి వచ్చానని చెప్పాడు. అతనికి మేజర్ అప్పుడే మనసులో పేరు పెట్టేసుకున్నాడు, దువ్వెన అని.

దువ్వెన దగ్గరికి ఆ కథ ఎలా చేరింది?

ఆ కథని మేజర్ నెలల తరబడి కోచింగ్ మేడమ్ దగ్గర సాన పట్టించాడు. బిజినెస్ స్కూళ్లలో సీట్లు ఇప్పించడమే ఆవిడ వ్యాపారం. మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. మిగతా పిల్లల దగ్గర కాలేజీలో క్విజ్ నడిపిన కథలే ఉంటాయి, మీ దగ్గర చచ్చిపోయిన మనిషున్నాడు, వాణ్ణి వాడుకోండి అంది. మందుపాతర అనే మాట వద్దంది, వినేవాళ్ల కాళ్లు వణుకుతాయట. అనిశ్చిత వాతావరణం అనమంది. చచ్చిపోయాడు అనొద్దు, ఒక విలువైన సభ్యుణ్ణి కోల్పోయాం అనమంది. మేజర్ అద్దం ముందు నిలబడి ఆ విలువైన సభ్యుణ్ణి వందసార్లు కోల్పోయాడు. ఆఖరికి కళ్లలో తడి ఎక్కడ రావాలో అక్కడే వచ్చేది.

ఆ విలువైన సభ్యుణ్ణి దళంలో అందరూ పెద్దన్న అనేవారు. వయసులో అందరికన్నా పెద్ద, హోదాలో మేజర్‌కి చాలా కింద. అయినా మేజర్ కూడా పెద్దన్నా అనే పిలిచేవాడు. మందుపాతరలు వెతికే పనిలో అతనిది ముందు వరస. మోకాళ్ల మీద పాకుతూ, ఒక చేత్తో పొట్టి పిడి డిటెక్టర్ నేలమీద ఆడిస్తూ, రెండో చేత్తో దాని పక్కనే మట్టిని తడుముతూ పోవాలి. ఒంటిమీద రవ్వంత ఇనుమున్నా డిటెక్టర్ కూస్తుంది. అందుకే పనిలోకి దిగేముందు ఉంగరం, గడియారం, బెల్టు బిళ్ల అన్నీ తీసి వెనకున్నవాడి చేతిలో పెట్టాలి. ఆ పనివాళ్లకి అది అలవాటు కాదు, ప్రాణం. పెద్దన్నకైతే అది ఒంట్లోనే ఇంకిపోయింది. సెలవుకి ఇంటికెళ్లినా గడియారం తీసి గుమ్మం ముందు పెట్టిగాని లోపల అడుగుపెట్టేవాడు కాదట. "నేనేమన్నా మందుపాతరనా?" అని అతని భార్య, దళమంతటికీ వదిన, నవ్వేదట.

ఇంటర్వ్యూలో మేజర్ చెప్పింది ఇంత. ఇరుకు లోయ. ముందు పెద్దన్న, వెనక తను, తన వెనక దళం. నియమాలన్నీ పాటించారు. అయినా పేలింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. దగ్గరికెళ్లి చూసి నిర్ధారించుకున్నాక, శవం కోసం ఆగితే మిగతావాళ్లూ పోతారని, వచ్చిన అడుగుల్లోనే అడుగులేయిస్తూ అందర్నీ వెనక్కి తీసుకొచ్చాడు. పతకం వచ్చింది.

ఇంటర్వ్యూలో చెప్పని భాగం ఒకటుంది. చావు కబురు చెప్పడానికి పెద్దన్న ఇంటికెళ్లినవాడు, ఆ తర్వాత కూడా వెళ్లడం మానలేదు. వదినా అని పిలిచిన మనిషినే రెండేళ్లకి పెళ్లిచేసుకున్నాడు. ఎంత పెద్ద మనసు అని నలుగురూ మెచ్చుకున్నారు. పెద్దన్న కూతురు ఇప్పుడు ఇతన్నే నాన్నా అంటుంది. రాత పరీక్షకి లెక్కలు నేర్పింది కూడా ఆ పిల్లే.

"రెండు కథలకీ ఒక తేడా ఉంది," అంది డీన్. "మీరు చెప్పినదాంట్లో ఆ మనిషి వెంటనే చనిపోయాడు. పొద్దున విన్నదాంట్లో ఇంకా కదులుతున్నాడు. కదులుతున్నాడని తెలిసే అధికారి దళాన్ని వెనక్కి తిప్పాడు."

మేజర్ గొంతు నిలకడగానే ఉంది. అది కల్పన అన్నాడు. తన కథ ఎత్తుకుపోయి దానికి మసాలా దట్టించారన్నాడు. ఆ మనిషిని పిలిచి తన ముందు చెప్పించమన్నాడు. రెండు ప్రశ్నలేస్తే చాలు, అసలెవరో నకిలీ ఎవరో తేలిపోతుందన్నాడు.

డీన్ ఒక్క క్షణం ఆలోచించింది. ఆవిడ కళ్లలో మెరుపు న్యాయం కోసం కాదని మేజర్‌కి తెలుస్తూనే ఉంది. ఇరవయ్యేళ్లుగా ఒకేరకం జవాబులు వినీ వినీ విసిగిన మనిషికి ఇవాళ కాస్త కాలక్షేపం దొరికింది. గోడమీది కెమెరా వంక చూసి, ఎర్రదీపం వెలుగుతోందని రూఢి చేసుకుంది. ఇక్కడ జరిగే ప్రతి ఇంటర్వ్యూనీ రికార్డు చేస్తారు. ఆ సంగతి ముందే చెప్పి ఒప్పుకోలు కూడా తీసుకుంటారు.

దువ్వెన లోపలికొచ్చి, కోటు గుండీ పెట్టుకుని, మేజర్ వైపు తిరిగి నమస్కారం సర్ అన్నాడు. వినయం ఎక్కడా తగ్గలేదు. డీన్ అడగ్గానే మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. అదే లోయ, అదే వరస, అదే పేలుడు. మేజర్ వాడిన మాటలే కొన్నిచోట్ల అచ్చుగుద్దినట్టు వచ్చాయి. అందులో అధికారి మాత్రం దువ్వెన.

మేజర్ ముందుకు వంగాడు. గేటు దగ్గర దొంగల్ని పట్టుకునే గొంతు అతనికి ఇప్పుడు పనికొచ్చింది. మెత్తగా, ఏమీ లేనట్టు అడిగాడు.

"కెప్టెన్, నీ ముందున్న మనిషి పేలేముందు ఆఖరిసారి ఏం చేశాడు?"

"చేతి గడియారం చూసుకున్నాడు సర్. ఇంకాసేపట్లో వెలుతురు పోతుందని చెప్పి ముందుకు జరిగాడు."

మేజర్ వెనక్కి వాలాడు.

డీన్ వైపు తిరిగి, మందుపాతరలు వెతికేవాడు చేతికి గడియారం పెట్టుకోడని, పెట్టుకుంటే డిటెక్టర్ దాన్నే చూసి కూస్తుందని, పనిలో చేరిన మొదటిరోజే నేర్పే సంగతి ఇదని వివరించాడు. ఈ కెప్టెన్ జన్మలో డిటెక్టర్ ముట్టుకోలేదని, ఉద్యోగమంతా ఏ డిపోలోనో బూట్లూ దుప్పట్లూ పంచుతూ గడిపి ఉంటాడని అన్నాడు. ఒక్కో మాటా పేర్చి మరీ అన్నాడు. సిమెంటు యజమాని అరచేత్తో బల్లమీద చరిచాడు, సంతోషం పట్టలేక. దొంగ దొరికాడన్నాడు.

దువ్వెన మొహం మాడిపోవాలి. మాడలేదు. తల ఊపాడు.

"సర్ చెప్పింది అక్షరాలా నిజం మేడమ్. ఎవరూ పెట్టుకోరు. ఆయన కూడా చెయ్యెత్తి గడియారం చూపించాడు, తీసేస్తానన్నట్టు. అధికారి తీయనివ్వలేదు. తొందరలో ఉన్నాడు."

సిమెంటు యజమాని బల్లమీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దువ్వెన అదే గొంతుతో మిగతాది చెప్పుకుపోయాడు. చేతికి గడియారం ఉండబట్టి డిటెక్టర్ ప్రతి గజానికీ కూస్తూనే ఉంది. కూసినప్పుడల్లా అది గడియారం కూతే అనుకుని ఆ మనిషి ముందుకి జరిగాడు. ఒక్క కూత మాత్రం గడియారానిది కాదు.

మేజర్ గోడ వంక చూస్తున్నాడు. గడియారం మాట అతను కోచింగ్ మేడమ్‌కి చెప్పలేదు. విచారణలో చెప్పలేదు. భార్యకి చెప్పలేదు. నిద్రలో కలవరించినా పైకి రాకుండా పళ్లు బిగపట్టే మాట అది. ఆ చెయ్యెత్తడం చూసింది ఒక్కడే, వెనకనున్న తను. ఎత్తింది ఇంకొకడు. ఆ ఇంకొకడు లోయలో ఉండిపోయాడు. తన వెనక వరసలో ఎవరన్నా చూశారా? ఇరుకు మలుపు. చూసే వీల్లేదు. వీల్లేదనే ఇన్నేళ్లూ తిన్న అన్నం అరిగింది.

సిమెంటు యజమాని అప్పుడే పార్టీ మార్చేశాడు. తప్పు తనదేనని ఇంత పచ్చిగా ఒప్పుకునే మనిషిని తన ఫ్యాక్టరీలో ఇంతవరకూ చూడలేదని, బట్టీ పేలినా ఎవరికి వాళ్లు పక్కవాడి మీదకి తోసేవాళ్లేనని కెప్టెన్‌ని మెచ్చుకోళ్లలో ముంచెత్తాడు.

డీన్ మేజర్ వైపు తిరిగింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. పెంచాల్సిన అవసరం రాదు.

"మీ కథలో అందరూ మంచివాళ్లేనండీ. నియమాలు పాటించారు, విధి ఆడుకుంది, మీరు రక్షించారు. పతకం వెనకాల చెక్కుకోడానికి బాగుంటుంది. కెప్టెన్ గారి కథలో తప్పు చేసిన మనిషున్నాడు. అలాంటివాళ్లనే మేం చేర్చుకుంటాం. రెండింట్లో ఒకటి దొంగది. దొంగ కథతో వచ్చినవాళ్ల సంగతి మిగతా స్కూళ్లకి కూడా చెప్పడం మా పద్ధతి. ఇంకేమన్నా చెప్పుకుంటారా?"

మేజర్ తలలో లెక్క మొదలైంది. లెక్కలు కూతురు బాగానే నేర్పింది. నోరు మూసుకుంటే తను నకిలీ. సీటు పోతుంది, ఇంకెక్కడా దొరకదు. గేటు, కారు తాళాలు, చచ్చేదాకా అదే. నోరు విప్పితే? విప్పితే ఏమవుతుంది? ఇదేం కోర్టు కాదు. ఏసీ గది. ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు, తప్పు చేసినవాడి కోసం వెతుకుతున్నారు. వైఫల్యం చెప్పండి, ప్యానెల్‌కి వైఫల్యమంటే ప్రాణం అని కోచింగ్ మేడమ్ ఎన్నిసార్లు మొత్తుకుందో. పెద్దన్న పోయాడు. పోయినవాడికి ఇందులో కొత్తగా పోయేదేముంది? ఒకసారి పనికొచ్చాడు. ఇంకోసారి పనికొస్తాడు.

ఆ ఆలోచన వచ్చినందుకు అతను ఉలిక్కిపడలేదు. అదే ఆ గదిలో అన్నిటికన్నా ఘోరం.

గొంతు సవరించుకున్నాడు.

"ఆ మనిషికి గడియారం తీయొద్దని ఎలా చెప్పారో కెప్టెన్‌ని అడగండి. ఏ మాట వాడారో."

డీన్ చూసింది. దువ్వెన ఈసారి జవాబివ్వలేదు. బల్లమీద వేళ్లు పెనవేసుకుని కూర్చున్నాడు. తెలియక ఆగిపోయినవాడిలా ఉన్నాడు. మేజర్‌కి అదే కావలసింది.

"అతనికి తెలీదు. ఎందుకంటే అన్నది నేను. 'ఫర్వాలేదు, నడు' అన్నాను. గడియారం ఎడమ చేతికుంది. తోలు పట్టీ. అతని పుట్టినరోజుకి నేనే కొనిచ్చాను."

తొందరెందుకని డీన్ అడిగింది. చెప్పాడు. అవతలి గట్టు మీదకి ఇంకో దళం కూడా బయల్దేరింది. ముందు చేరిన అధికారి పేరు పైకి వెళ్తుంది. గడియారం పట్టీ విప్పి వెనక్కి అందించడానికి పట్టే కాస్త సమయం కూడా తనకి బరువనిపించింది. ఈ మాటలకి కోచింగ్ ఏమీ లేదు. అనిశ్చిత వాతావరణం లేదు, విలువైన సభ్యుడు లేడు. మందుపాతర అన్నాడు, చెయ్యి అన్నాడు, నెత్తురు అన్నాడు. సిమెంటు యజమాని పెన్ను మూత పెట్టడం మర్చిపోయి వింటున్నాడు.

"పేలాక కదిలాడా?" డీన్ అడిగింది.

"కదిలాడు."

"దగ్గరికెళ్లి చూశానన్నారు."

"వెళ్లలేదు."

"పిలిచాడా?"

దువ్వెన మొదటిసారి తలెత్తాడు. మేజర్ ఆ కళ్లలోకి చూస్తూనే చెప్పాడు.

"పిలిచాడు. ఎప్పుడూ సర్ అనేవాడు. అప్పుడు మాత్రం తమ్ముడూ అన్నాడు. నేను వెనక్కి తిరిగి, పోయాడు పదండి అని దళంతో చెప్పాను."

డీన్ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఆవిడ మొహంలో జాలిలేదు, అసహ్యమూ లేదు. మంచి మామిడిపండు ఏరుకున్నావిడ మొహంలా ఉంది.

అంతలో దువ్వెన లేచి నిలబడ్డాడు. ఈ కథ మేజర్ గారిదేనని, తను ఆ లోయ ఎలా ఉంటుందో కూడా చూడలేదని, నిజంగానే బూట్లూ దుప్పట్లూ పంచే డిపోలో పనిచేశానని చెప్పాడు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. క్షమించమని అడిగాడు గాని, అడిగిన తీరులో సిగ్గు ఇసుమంత కూడా లేదు. తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్లిపోయాడు.

మిగిలింది ఒక్క అభ్యర్థి, ఒక్క సీటు.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని రెండు మాటలు అనుకున్నారు. డీన్ చెయ్యి చాపింది. సీటు మీదే, ఉత్తరం వారంలో వస్తుందంది. తరగతులు మొదలైన మొదటి వారంలోనే ఈ సంఘటనని విద్యార్థుల ముందు చర్చకి పెట్టాలనుందని, అప్పుడు వచ్చి మేజర్ గారే స్వయంగా చెప్పాలని అడిగింది. ఆ 'తమ్ముడూ' దగ్గర ఒక్క క్షణం ఆగితే పిల్లల మీద బాగా పనిచేస్తుందని సలహా కూడా ఇచ్చింది. సిమెంటు యజమాని భుజం తట్టాడు. తన కంపెనీలో ఇలాంటి నిర్ణయాలు తీసుకోగల మనిషి కోసం ఎన్నాళ్లుగానో చూస్తున్నానన్నాడు. జోక్ కాదన్నాడు.

మేజర్ కారిడార్లోకి వచ్చాడు. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అతనికి సంతోషం వేసింది. రేపు గేటు దగ్గరికెళ్లి ఆ మీసాల్లేని మేనేజర్ తాళాలు విసిరినప్పుడు పట్టుకోకుండా కిందపడనివ్వాలి అనుకున్నాడు. ఆ చప్పుడు కూడా వినిపించింది. అవి నేలమీద పడి జారుతున్నట్టు.

లిఫ్టు దగ్గర దువ్వెన నిలబడి ఉన్నాడు.

"కంగ్రాచ్యులేషన్స్ సర్," అన్నాడు. "వదినగారు బాగున్నారా?"

మేజర్ ఆగిపోయాడు. అతని భార్యని ఇప్పుడు వదిన అనేవాళ్లెవరూ లేరు. ఒకప్పుడు అనేది తను. దళమంతా అనేవాళ్లు. పెద్దన్న భార్య కాబట్టి.

"ఎవర్రా నువ్వు?"

"చెప్పాను కదా సర్, డిపో మనిషిని. కిందటేడు యుద్ధఖైదీల్ని మార్చుకున్నప్పుడు అవతల్నించి వచ్చినవాళ్లకి బట్టలు పంచింది నేనే. ఒకాయన వచ్చాడు. మొహం సగం కాలి ఉంది. బూట్లు తీసుకున్నాడు, కోటు తీసుకున్నాడు. చేతి తొడుగులు ఇస్తే ఒకటి చాలన్నాడు."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ ఎక్కలేదు. మూసుకున్నాయి.

దువ్వెన తొందర లేకుండా చెప్పాడు. దళం వెనక్కి తిరిగిన కాసేపటికే అవతలివాళ్లు ఆ మనిషిని ఎత్తుకెళ్లారు. బతికించారు. జైల్లో పెట్టారు. అక్కడా, వచ్చాక ఇక్కడా ఎవరడిగినా పేరు చెప్పలేదు. ఊరూ వీధీ మాత్రం చెప్పి, ముందు తన ఇల్లెలా ఉందో కనుక్కొచ్చి చెప్పమన్నాడు. దువ్వెన కనుక్కొచ్చి చెప్పాడు. ఎవరు ఎవర్ని చేసుకున్నారో, పిల్ల ఎవర్ని నాన్నా అంటోందో అన్నీ. విన్నాక ఆయన చాలా రోజులు నోరు విప్పలేదు. విప్పినరోజు గడియారం సంగతి చెప్పాడు. మాట కూడా చెప్పాడు. ఫర్వాలేదు, నడు.

"నీకు తెలుసన్నమాట ఆ మాట," అన్నాడు మేజర్.

"తెలుసు సర్. నేనంటే ఏం లాభం? చచ్చాడని సర్కారు రాసుకున్న మనిషి మాట నమ్మేదెవరు, పిచ్చివాడంటారు. మీ నోటి నుంచి రావాలి. మీ కోచింగ్ మేడమ్ మీ కథని కొత్తవాళ్లకి మోడల్ ఆన్సర్‌గా వినిపిస్తుంటుంది. ఇక్కడికొస్తున్నారని అలా తెలిసింది. సీటు ఆశ చూపిస్తే చాలు, మీరే చెప్తారని పెద్దన్న అన్నాడు. నేను నమ్మలేదు. బెదిరిస్తేగాని చెప్పరనుకున్నాను." దువ్వెన కోటు గుండీ విప్పుకున్నాడు. "మిమ్మల్ని ఆయన నాకన్నా బాగా ఎరుగును."

గోడమీది ఎర్రదీపం అప్పుడు గుర్తొచ్చింది మేజర్‌కి. తల వెనక్కి తిప్పాడు. ఇంటర్వ్యూ గది తలుపు మూసే ఉంది. లోపల్నించి సిమెంటు యజమాని నవ్వు వినిపిస్తోంది.

మేజర్ దువ్వెన కాలర్ పట్టుకున్నాడు. నలభై ఆరేళ్ల వేళ్లలో ఇంకా పట్టుంది. ఎక్కడున్నాడు, ఎక్కడ దాచావు, నాతో మాట్లాడమను, ఏం కావాలో నన్ను అడగమను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"మీతో ఆయనకి మాటల్లేవు సర్," అన్నాడు దువ్వెన, కాలర్ విడిపించుకునే ప్రయత్నం కూడా చేయకుండా. "మీరు ఇక్కడ ఉంటారని తెలిసినరోజే ఇవాళ్టికి పెట్టుకున్నాడు ప్రయాణం."

జేబులో ఫోను మోగింది. ఇంటి నంబరు.

మేజర్ ఒక చేత్తో కాలర్ పట్టుకునే ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"అయిందాండీ ఇంటర్వ్యూ?" భార్య గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, ఎవరో వింటారన్నట్టు.

"అయింది. సీటొచ్చింది. నువ్వు తలుపేసుకో. నేను వచ్చేదాకా ఎవరొచ్చినా తీయకు."

అవతల కిటికీ తెర జరిగిన చప్పుడైంది.

"వచ్చారండీ. కిటికీలోంచి కనిపిస్తున్నారు. ఎవరని అడిగితే పలకట్లేదు. మొహం చూడలేకపోతున్నాను, కాలిపోయి ఉంది. ఒకటే చెయ్యి." ఆవిడ ఊపిరి ఫోనుకి తగులుతోంది. "ఆ చేతికి గడియారం ఉందండీ. పళ్లతో పట్టీ లాగి విప్పారు. విప్పి గుమ్మం ముందు పెట్టారు. పెట్టి, పక్కకి నిలబడ్డారు."

మేజర్ వేళ్లు కాలర్ వదిలేశాయి.

"మీరు దగ్గరికెళ్లి చూశానన్నారు కదా," అంది ఆవిడ.

దువ్వెన నలిగిన కాలర్ సర్దుకుంటూ అతని మొహంలోకి చూస్తున్నాడు. మేజర్ నోరు తెరిచాడు. ఇందాక గదిలో అంత ధారాళంగా వచ్చిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

"చెప్పండి. చూశారా?"

ఫోనులో, ఆవిడ గొంతు వెనకాల, తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.